పక్క బెంచీలో ఎవరున్నారు?

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కుటుంబ చరిత్ర అధ్యాయం అందాయి. మూడు వారాల్లో ఇంగ్లండులోని మీ అత్తవారి వంశంలో 11 తరాలు వెనక్కి వెళ్లానని రాశావు. సంతోషమే. అధ్యాయం రెండుసార్లు చదివాను. అందులో 43 మంది పుట్టారు, పెళ్లాడారు, పోయారు. ఒక్కరికీ ఆకలి వేయలేదు.

తప్పంతా నీదని అనను. వంశవృక్షం అన్న మాటలోనే ఉంది ఎర. చెట్టు కనపడగానే ఎక్కబుద్ధవుతుంది. కాసేపు దిగు. ఒక్క ఊరు పట్టుకో, ఒక్క పేజీ తెరువు, ఆ పేజీలో పక్కకు చూడు.

ఎక్కి పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేను ఇంగ్లండులో ఉన్న రోజుల్లో పక్కింటి ముసలాయన కోసం వాళ్ల పూర్వీకుడొకణ్ణి వెతికి పెట్టాను, పేరు జాన్. చర్చి పుస్తకంలో వాడి బాప్తిస్మం నమోదు దొరికింది. ఊరు సరిపోయింది, ఇంటిపేరూ సరిపోయింది. ఆ పిల్లవాడి మీద రెండేళ్లు కాగితాలు పోగేశాను. ఒకనాడు ఇంకెవరికోసమో ఖననాల పుస్తకం తిరగేస్తుంటే, ఆ జాన్ పదకొండో నెలలోనే మట్టిలో కలిశాడని కనపడింది. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు. పైగా మనవాళ్లలాగే వాళ్లూ తాత పేరు మనవడికి పెట్టేవారు, కాబట్టి అన్నదమ్ముల పిల్లలే ఇద్దరు ముగ్గురు జాన్‌లు ఒకే ఊళ్లో ఉండేవారు. మనకు కావలసినవాడు వీడి పినతండ్రి కొడుకు. అప్పటినుంచి బాప్తిస్మం దొరికిన ప్రతివాణ్ణీ ముందు చంపడానికే చూస్తాను. ఖననాల్లో దొరక్కపోతేనే వాడితో ముందుకు నడుస్తాను.

నువ్వు కూడా ఒక గుంటలో పడ్డావు. ఏప్రిల్ 1700లో పెళ్లయిన ఆవిడ అదే ఏడాది ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం చేయించిందని రాసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టావు. కొట్టెయ్యి. 1752కు ముందు ఇంగ్లండులో ఏడాది మారేది జనవరి 1న కాదు, మార్చి 25న. ఉగాది చేసుకునే ఇంట్లో పుట్టినదానివి, నీకిది వింతగా ఉండకూడదు. ఆ ఫిబ్రవరి మన లెక్కకు 1701. పాపం, ఇన్నేళ్ల తర్వాత నీ చేతిలో ఆవిడ పరువు పోయేది. పదేళ్లలో పద్నాలుగేళ్లు పెరిగిన పెద్దాయన సంగతీ అంతే. 1841 జనాభా లెక్కల్లో పదిహేను దాటినవాళ్ల వయసును కిందికి, అయిదుల లెక్కకు సర్ది రాశారు. 34 ఏళ్లవాడు 30 అయ్యాడు.

అసలు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే ఈ చర్చి రిజిస్టర్లు 1538లో, ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలయ్యాయి. కంప్యూటరులో నువ్వు చూసే సూచికలో ఒక్క వరసే వస్తుంది. పేజీ బొమ్మ తెరిచి చూడు. మీవాళ్ల పాప ఖననానికి పైనా కిందా అదే వారంలో ఇంకో అయిదుగురు పిల్లలుంటే, అది ఒక్క కుటుంబం కథ కాదు, ఊరి మీద పడ్డ రోగం కథ.

ఇలా పక్కకు చూడటం ఎలాగో చూపించినవాడొకడున్నాడు. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ కౌంటీలో, శ్రూస్‌బరీ పట్టణానికి ఉత్తరాన, మిడిల్ అనే చిన్న పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. అక్కడి రైతు రిచర్డ్ గఫ్ అరవై అయిదేళ్ల వయసులో, 1700 ప్రాంతంలో ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. తన ఊరి జనాన్ని ఎలా పట్టుకున్నాడో తెలుసా? చర్చిలో ఏ బెంచీ ఎవరిదో పటం గీశాడు. అక్కడ బెంచీ మనిషికి కాదు, ఇంటికీ భూమికీ చెందింది. గొప్పవాళ్లు ముందు, గుడిసెలవాళ్లు వెనక. బెంచీ తర్వాత బెంచీ పట్టుకుని, ఆ ఇల్లు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో, ఎవడు తాగుడుకు తగలేశాడో, ఎవరు కోర్టుల చుట్టూ తిరిగారో మొహమాటం లేకుండా రాసుకుంటూ పోయాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధానికి మిడిల్, మార్టన్, న్యూటన్ అనే మూడు పల్లెల నుంచే 20 మంది పోతే 13 మంది చచ్చారని లెక్క చెప్పాడు. వాళ్లలో ఒకడు పెళ్లి కాని తల్లికి పుట్టి, కొంతవరకు ఊరి ఖర్చుతో పెరిగిన కుర్రాడు. శ్రూస్‌బరీ వెళ్లి సైన్యంలో చేరాడు, 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ పోరులో ఉన్నాడు, ఆ తర్వాత వాడి కబురు ఊళ్లో ఎవరికీ అందలేదు. పరాయి చోట పోయినవాడికి పుట్టిన ఊరి ఖననాల పుస్తకంలో గీత ఉండదు. నువ్వు ‘మరణం: తెలియదు’ అని వదిలేసిన ఖాళీల్లో ఇలాంటివాళ్లు ఉండవచ్చు.

ఇక మనుషుల గొంతు వినాలంటే పేదల కాగితాలు తెరువు. నా మట్టుకు వీటిని మించినవి లేవు. 1662 చట్టం తర్వాత పేదవాడికి ఏదో ఒక పారిష్ సొంత ఊరని తేలాలి, వాణ్ణి పోషించే బాధ్యత ఆ ఊరిది. వేరే ఊళ్లో చెయ్యి చాస్తే, చాస్తాడేమోనని ఊరివాళ్లకు భయం వేసినా సరే, ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర జీతానికున్నావు, ఎన్నాళ్లున్నావు అని అడిగి రాసుకునేవారు. సంతకం రాక గీత గీసిన మనిషి బతుకంతా అర పేజీలో దొరుకుతుంది. పెళ్లికాని పాలేరు నిండా ఏడాది ఒక ఊళ్లో పనిచేస్తే ఆ ఊరి హక్కు వచ్చేది. అందుకని ఏడాదికి నాలుగు రోజులు తక్కువగా కుదుర్చుకునే ఆసాములుండేవారు. పాలేరు, ఆసామి అన్నాక ఇక నీకు వివరించక్కర్లేదు.

1697 చట్టం ప్రకారం, ఊరి సాయం తినేవాళ్లు కుడి భుజం మీద ఎర్రదో నీలందో గుడ్డతో పేదవాళ్లని తెలిపేలా ‘పి’ అనే ఇంగ్లీషు అక్షరం కుట్టుకోవాలి. ‘1698లో విధవ అయింది’ అని నువ్వు ఒక్క మాటలో దాటేసిన ఆవిడ భుజాన ఆ గుడ్డ ఉందా? పేదల బాగోగులు చూసే ఓవర్సీర్ల ఖాతాలు మిగిలి ఉంటే చూడు. వారానికి ఎన్ని పెన్నీలు, ఏ చలికాలంలో బూట్లు, చివరికి శవపేటిక ఎవరి డబ్బుతో, అన్నీ అక్కడ పడి ఉంటాయి.

వీటిని చదివాక మీ ఆయన తరఫువాళ్లు నొచ్చుకుంటారని భయపడ్డావు. ముందే మీ మామగారికి చదివి వినిపించు. ఆయన ముందు వినకుండా అచ్చులో చూస్తే నొచ్చుకుంటారు కానీ, విన్నాక నీకు తెలియనిది ఇంకోటి చెబుతారు. నా అనుభవం అదే.

ఒక్క పని మాత్రం ఈ వారమే చెయ్యి. చర్చికి కట్టే దశమభాగాన్ని 1836 చట్టంతో డబ్బుగా మార్చినప్పుడు చాలా పారిష్‌లకు పటాలు గీశారు. ప్రతి పొలం చెక్కకూ ఒక నంబరు, పక్కన పట్టికలో సొంతదారు, సాగుదారు, పొలం పేరు, దున్నే పొలమో గడ్డిబీడో. మన కరణాల అడంగల్ చూసిన కళ్లకు అది వెంటనే అర్థమవుతుంది. మీ ఊరి పటం కౌంటీ ఆర్కైవ్స్‌లో ఉందేమో అడిగి, ఒక నకలు తీసుకో. అది జేబులో పెట్టుకుని, మీ మామగారి చెయ్యి పట్టుకుని ఊరి చుట్టూ నడువు. పటంలో ఉన్న పేరు ముందు చెప్పకు. ఆయన ఆ పొలాన్ని ఏమని పిలుస్తారో విను. ఆ పేరు నాకు రాసి పంపు, ఎదురుచూస్తుంటాను. బూట్లు వేసుకుని వెళ్లు, అక్కడి బురద సంగతి నాకు తెలుసు.

ఆశీస్సులతో,
బాబాయి