‘నియంత్రించడం’ అంటే అడ్డుకోవడమేనా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంట తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లలకు సాయంత్రాలు తెలుగులో జీవశాస్త్రం చెబుతుంటాను. ‘ప్రోటీన్ కైనేజ్‌లు కణవిభజనను నియంత్రిస్తాయి’ అని రాయించాను. ‘నియంత్రించేదాన్ని క్యాన్సర్ మందుతో అణిచేస్తే కణాలు ఇంకా పెరిగిపోవా?’ అని ఒక అమ్మాయి అడిగింది. నా వాక్యంలో తప్పుందా?

సమాధానం: ఆ అమ్మాయి ప్రశ్న సబబైనదే. వాక్యంలో వ్యాకరణదోషమేమీ లేదు గాని, అందులోని క్రియ మీరు చెప్పదలచిన అర్థానికి చాలదు. సంస్కృతంలో యంత్రణమంటే కట్టడి. మన వాడుకలోనూ దోమల నియంత్రణ, ధరల నియంత్రణ అన్నప్పుడు తగ్గించడం, అడ్డుకోవడం అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. శాస్త్రరచనల్లో మాత్రం ఎప్పుడు సాగాలో, ఎప్పుడు ఆగాలో చూసి నడిపించడమనే విస్తృతార్థంలో ఆ మాటను వాడుతున్నారు. మొదటి అర్థాన్నే పట్టుకున్నవారికి చిక్కు తప్పదు.

కైనేజ్ అనే ఎంజైము చేసే పని, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసి మరో ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాలైన సెరీన్‌కో, థ్రియోనిన్‌కో, టైరోసిన్‌కో తగిలించడం. దానివల్ల ఆ ప్రోటీన్ చురుకవుతుందా, పని మానేస్తుందా అన్నది తగిలిన చోటును బట్టి ఉంటుంది. సీడీకే1 అనే కైనేజ్, సైక్లిన్-బి అనే ప్రోటీన్ తోడు దొరికాక, కేంద్రకపు పొరకు లోపలివైపు ఆసరాగా ఉండే లామిన్ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి, వాటి అల్లిక విడిపోయేట్టు చేసి, కణాన్ని విభజనవైపు పురికొల్పుతుంది. వీ1 అనే మరో కైనేజ్ అదే సీడీకే1లో 15వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలించి దాని పనిని నిలిపివేస్తుంది. సీడీసీ25 అనే ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసేదాకా విభజన మొదలుకాదు. సీడీకే1, వీ1 ఇద్దరికీ కైనేజ్ అన్న ఇంటిపేరు ఒకటే, చేసే పనులు మాత్రం ఎదురెదురు.

అమ్మాయి అడిగిన మందుల సంగతీ ఇందులోనే తేలిపోతుంది. కొన్ని రకాల రొమ్ముక్యాన్సర్‌కు అమెరికాలో 2015లో అనుమతి పొందిన పాల్బోసిక్లిబ్, కణాన్ని డీఎన్‌ఏ ప్రతిని తయారుచేసుకునే దశలోకి నెట్టే సీడీకే4, సీడీకే6లను అడ్డుకుంటుంది. అణిచినది పురికొల్పేవాటిని గనుక విభజన ఆగుతుంది.

‘క్రమబద్ధీకరిస్తాయి’ అని కొందరు రాస్తారు. తప్పు కాదు గాని, ఆ మాట వినగానే ఇప్పుడు ఇళ్ల స్థలాలూ, కాంట్రాక్టు ఉద్యోగాలూ గుర్తొస్తాయి. ‘కైనేజ్‌ల చేత నియంత్రించబడుతుంది’ అని తిప్పి రాసినా ప్రయోజనం లేదు: అర్థపు చిక్కు అలాగే ఉండిపోతుంది, పైగా తెలుగుకు నప్పని ‘బడు’ ఒకటి వచ్చి చేరుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివారికి ఇది నేను వివరించనక్కర్లేదు. ‘కణం ఎప్పుడు విభజన మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆగాలో తేల్చడంలో ప్రోటీన్ కైనేజ్‌లు తోడ్పడతాయి’ అని రాయించండి. విడివిడిగా చెప్పేటప్పుడు సీడీకే1కు ‘పురికొల్పుతుంది’ అనీ, వీ1కు ‘నిలువరిస్తుంది’ అనీ వాడండి. వీ1 విషయంలో మీ ‘నియంత్రిస్తుంది’ కూడా చక్కగా నప్పుతుంది.