ముందు అద్దె ఇల్లు, ఒక కార్తీకం గడిచాక సొంతిల్లు

ప్రశ్న: మాది ఉదయగిరి. మా ఆయన కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక కంపెనీలో పని చేస్తారు. మూడేళ్లుగా నెల్లూరులో రూము తీసుకుని ఉంటూ, శనివారం రాత్రి ఇంటికొస్తారు. ఈ జూన్‌కి అందరం అక్కడికే వెళ్లిపోదామనుకున్నాం. పాప తొమ్మిదిలోకి, బాబు ఒకటో తరగతిలోకి వస్తారు. బడి దగ్గర్లో అద్దె ఇల్లు చూద్దామని నేనన్నాను. ఆయన నాతో మాటమాత్రం చెప్పకుండా ఊరి బయట కడుతున్న అపార్టుమెంటులో ఫ్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. పాపను ఐఐటీ ఫౌండేషన్ ఉన్న పెద్ద స్కూల్లో వేస్తానంటున్నారు. పాప మాట్లాడటమే తగ్గించేసింది. అత్తమ్మేమో ‘నేనీ గడప దాటను’ అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఫ్లాటు సంగతి కాదు, ‘మాటమాత్రం చెప్పకుండా’ అన్న ముక్క. ఆయన చేసింది తప్పే. అయితే మూడేళ్లు మెస్సు కూడు తిని, పిల్లలను వారానికో రోజు చూసుకున్న మనిషి ఆయన. ‘మా ఇల్లు’ అని చూపించుకునే చోటు కోసం తొందరపడి ఉంటారు. ఆ తొందరలో మీ మీద ప్రేమ కూడా ఉంది. కాబట్టి అడ్వాన్సు మీద నిలదీయడంతో మాట మొదలుపెట్టకండి. ఫోన్లో వద్దు, అత్తమ్మ ఎదుట అసలే వద్దు. ఆదివారం పిల్లలు ఆటకు వెళ్లాక, ‘మీరు అక్కడ ఒంటరిగా ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో పగలంతా ఉండేది నేనూ పిల్లలూ. అందుకే మా రోజు ఎలా గడుస్తుందో ఒకసారి కలిసి చూద్దాం’ అనండి.

ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకు నా జవాబు కూడా ఆ మాటలోనే ఉంది. ఆయన పొద్దున కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే వస్తారు. ఆయనకు కావాల్సిందల్లా ఆ బస్సు ఆగే చోటు దగ్గర్లో ఉండటం. అది ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కోండి. మిగిలిన రోజంతా ఆ వీధిలో బతకాల్సింది మీ ముగ్గురే. ముందు బడి, తర్వాత ఆ బడి చుట్టూ ఇల్లు. ప్రాథమిక బడి పిల్లల ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధనలే చెబుతున్నాయి. మీ బాబుకు అదే కొలత పెట్టుకోండి.

నెల్లూరులో ఇంకో కొలత కూడా ఉంది. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీలుస్తాయి. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. ఇల్లు ఒక పక్క, బడి ఇంకో పక్క అయితే వానాకాలమంతా మీకు గుండెదడే. రెండూ పట్టాలకు ఒకే వైపు ఉండేలా చూసుకోండి. మాగుంట లేఅవుటా, వేదాయపాళెమా, బాలాజీనగరా అన్న ‘మంచి ఏరియా’ పేర్ల వెంట పడకండి. ఏ పేటలోనైనా మంచి వీధులూ ఉంటాయి, మురుగు నిలిచే వీధులూ ఉంటాయి.

ఇక ఫ్లాటు. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మండుటెండల్లో చూస్తే ప్రతి ఇల్లూ పొడిగానే, ముచ్చటగానే కనిపిస్తుంది. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగినప్పుడు వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. మీ అపార్టుమెంటు ఎటువైపో మీరు రాయలేదు. ఆ చుట్టుపక్కల చిల్లర కొట్టు ఆయనను అడగండి, ‘రెండువేల ఇరవై ఒకటి నవంబరు వరదల్లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?’ అని. అమ్మేవాళ్లు దాచిపెట్టినా కొట్టు ఆయన దాచడు. అందుకే నా మాట ఇది: ఈ ఏడాది అద్దెకు ఉండండి. ఒక కార్తీకమాసం వానలు ఆ ఊళ్లోనే చూడండి. ఆ తర్వాత కొనండి. అద్దె డబ్బు దండగ అని మీవారు అంటారు. తెలియని చోట ఇరవై ఏళ్ల లోను నెత్తికెత్తుకోవడం కన్నా ఏడాది అద్దె చాలా చౌక.

ఇచ్చిన అడ్వాన్సు సంగతి ఆయనతో కలిసే చూడండి. ఆ ప్రాజెక్టుకు రెరా (ఇళ్లు కొనేవారి రక్షణ కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందా, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, మీవారు ఇప్పటిదాకా ఎంత డబ్బు ఇచ్చారు? రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది. రసీదు మీద ఏం రాసి ఉందో చదవకుండా ఇంకో రూపాయి ఇవ్వొద్దు.

బాబు సంగతి తేలికే. పిల్లాడికి పరీక్ష పెట్టి వడపోయడం, డొనేషన్ అడగడం రెండూ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించినవి. అడిగిన బడి గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చేయండి. ఆడుకోవడానికి స్థలం, శుభ్రమైన మరుగుదొడ్డి, బడికి గుర్తింపు, ఈ మూడూ మీ కళ్లతో చూడండి.

పాప దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. తొమ్మిదిలో ఊరు మారడమే పెద్ద మార్పు. దాని మీద కొత్త బోర్డు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఫౌండేషన్ క్లాసులు, అన్నీ ఒకేసారి పెడితే ఏ పిల్లయినా ముడుచుకుపోతుంది. సీబీఎస్ఈలో తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదిలో బోర్డు మారడం చాలా కష్టం. కాబట్టి ఇప్పుడు ఏ బోర్డు తీసుకున్నా రెండేళ్లూ అదే. ఆ నిర్ణయం పాప నోటి నుంచి రావాలి. ఏ స్కూలు చూసినా, సాయంత్రం వదిలే వేళకు గేటు బయట అరగంట నిలబడండి. బయటికొచ్చే తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, బస్సులో కూలబడి కళ్లు మూసుకుంటున్నారా చూడండి. మీవారిని కూడా పక్కనే నిలబెట్టుకోండి. నేను చెప్పే వంద మాటల కన్నా ఆయనకు ఆ అరగంట ఎక్కువ చెబుతుంది. పాప మాటలు తగ్గడం నెల దాటినా, తిండీ నిద్రా తగ్గినా మానసిక వైద్యులకు చూపించండి. ఆలస్యం చేయకండి.

అత్తమ్మను బలవంతపెట్టకండి. ఆమె గడప ఆమెకు ఉండనివ్వండి. ఉదయగిరి వైపు నుంచి వచ్చే బస్సులు ఆత్మకూరు బస్టాండుకే వస్తాయి కదా. అద్దె ఇల్లు చూసేటప్పుడు అక్కడి నుంచి ఆటోకు పది నిమిషాల్లో చేరేలా చూస్తే, దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఆమె తన సంచీ తాను పట్టుకుని రాగలదు. గుడి ఏ వీధిలో ఉందో, బీపీ చూసే డాక్టరు ఎక్కడో ముందే కనుక్కుని ఉంచండి. వెళ్లే ముందు రోజు ఉదయగిరి ఇంటి తాళం చెవి ఆమె చేతికే ఇవ్వండి.