మీరు రాకపోతే ఆట ఆగిపోయే చోట చేరండి

ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చి ఏడాది దాటినా ఆఫీసువారు తప్ప పరిచయస్థులెవరూ లేరనీ, 34 ఏళ్ల వయసులో ఏదైనా జట్టు ఆటలో చేరితే స్నేహితులు దొరుకుతారా, మనిషిగా ఏమైనా ఎదుగుతామా అనీ మీరు అడిగారు. రెండింటికీ నా సమాధానం అవుననే. అయితే ఏ ఆట అన్నది అంత ముఖ్యం కాదు. మీరు ఒక్కరు రాకపోతే ఆ సాయంత్రం ఆట ఆగిపోయేటంత చిన్న జట్టులో చేరడం ముఖ్యం. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను రానివ్వని వేళ నేను ఏళ్ల తరబడి నడిచాను. రోజూ ఎదురయ్యే ముఖాలెన్నో గుర్తున్నాయి గాని వారిలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. జిమ్ కూడా అంతే. మీరు రాని రోజున అక్కడ ఎవరికీ లోటు కలగదు, లోటు కలగని చోట బంధం ఏర్పడదని నా గట్టి నమ్మకం.

ఎం.వి.పి. కాలనీలో మా అపార్ట్‌మెంటు స్త్రీలం త్రోబాల్ ఆడతాం, అంటే వాలీబాల్‌లా నెట్ మీదుగా ఆడేదే గాని బంతిని కొట్టకుండా పట్టి విసిరే ఆట. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను వల్లనే మా జట్టు ఏర్పడింది. కరెంటూ ఫోన్లూ లేని ఆ రోజుల్లో ఇళ్లలో ఉక్కపోత భరించలేక సాయంత్రం కాగానే అందరం కిందకు దిగేవాళ్లం. కూలిన చెట్లను తొలగించిన ఖాళీ స్థలంలో పిల్లలు బట్టలారేసే తాడు అడ్డంగా కట్టి బంతి ఆడుతుంటే, చదువుకునే రోజుల్లో త్రోబాల్ ఆడిన ఒకామె కొంగు దోపుకుని వారితో కలిసింది, ఆమెను చూసి మేమూ కలిశాం. కరెంటు వచ్చాక చాలామంది మళ్లీ టీవీల ముందుకు వెళ్లిపోయారు. చివరికి మా వైపు ఏడుగురం, పక్క అపార్ట్‌మెంటు వైపు ఏడుగురు మిగిలాం. జట్టుకు ఏడుగురు కావాలి గనుక ఒక్కరు తగ్గినా ఇబ్బందే.

కొన్నేళ్ల తరువాత మాలో ఒకరు ఊరు మారిపోగా, ఆ స్థానంలో ఒడిశా నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. భర్త నేవీలో ఉద్యోగి. తెలుగు అర్థం చేసుకునేది గాని మాట్లాడేది కాదు. ఆట అయిపోగానే నవ్వి, కొడుకు చెయ్యి పట్టుకుని పైకి వెళ్లిపోయేది. ఒక వర్షాకాలపు సాయంత్రం ఆమె దిగలేదు. ఫోను ఎత్తలేదు. అవతలి జట్టు నెట్‌కు అటువైపు నిలబడి ఎదురుచూస్తోంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా కెప్టెన్ పిల్ల, "ఆంటీ, ఏమైందో చూసొద్దాం రండి" అంటూ మెట్లెక్కింది. తలుపు తట్టగా తట్టగా, నాలుగేళ్ల పిల్లవాడు కుర్చీ జరుపుకుని ఎక్కి గడియ తీశాడు. లోపల ఆమె చాప మీద ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉంది. భర్త ఓడ మీద ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. ముందు రోజు రాత్రి నుంచి ఆ పిల్లవాడు బిస్కెట్లు తిని గడిపాడు. ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకువెళితే డెంగీ అన్నారు. పిల్లవాడు మా ఇంట్లో పడుకున్నాడు. ఆమె కోలుకునేవరకు ఏ పూట ఎవరింటి నుంచి జావ వెళ్లాలో, రాత్రి ఎవరు తోడుండాలో ఆ కెప్టెన్ పిల్లే నిర్ణయించింది, నా వయసు వాళ్లమంతా ఆ మాట ప్రకారమే నడిచాం. ఆమె ఇంటికి గోడ ఆనుకుని ఉన్న వాటావారికి మాత్రం ఆమె ఆసుపత్రిలో ఉన్నట్టు మూడో రోజున గాని తెలియలేదు. వారు చెడ్డవారు కారు. సాయంత్రం ఆమె కనబడకపోతే వారి ఇంట ఆగిపోయే పని ఏదీ లేదు, అంతే.

ఇక ఎదుగుదల సంగతి. త్రోబాల్‌లో ఇద్దరు ఒకేసారి బంతిని పట్టకూడదు, పట్టిన బంతిని తోటివారికి అందించకూడదు, మూడు సెకన్లలో ఒంటిచేత్తో నేరుగా అవతలికి విసరాలి. కాబట్టి బంతి గాలిలో ఉండగానే అది తనదని ఎవరో ఒకరు గట్టిగా కేక వేయాలి. నలుగురిలో ఏదైనా తనదని గొంతెత్తి చెప్పే అలవాటు లేని స్త్రీలకు ఇది ఎంత కష్టమో మగవారికి సులభంగా అర్థం కాదు. మా మూడో అంతస్తు పెద్దావిడ మొదట్లో ప్రతిసారీ పక్కకు తప్పుకునేది, బంతి ఇద్దరి మధ్యా నేల మీద పడేది. ఆవిడే ఇప్పుడు అపార్ట్‌మెంటు సమావేశాల్లో లేచి నిలబడి నీటి ట్యాంకు ఖర్చుల లెక్క అడుగుతోంది. ఈ మార్పు ఆట వల్లనే వచ్చిందని నేను నిస్సందేహంగా చెబుతాను.

వయసు గురించి దిగులు పడకండి. 1895లో అమెరికాలో విలియం మోర్గన్ వాలీబాల్‌ను రూపొందించినదే బాస్కెట్‌బాల్ శ్రమ తట్టుకోలేని నడివయసు ఉద్యోగస్థుల కోసం. నన్ను బాధించేది వయసు కాదు, స్థలం. మేము ఆడుకున్న ఖాళీ జాగాలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. నగరంలో ఎటు చూసినా గంటకింత అని అద్దె వసూలు చేసే టర్ఫులు, అంటే కృత్రిమ పచ్చిక మైదానాలు, వచ్చాయి. సముద్రపు గాలి హాయిగా వీచే సాయంత్రం వేళలు బాక్స్ క్రికెట్ ఆడే కుర్రవాళ్లకు ముందే బుక్కయిపోతాయి, స్త్రీలు అడిగితే ఎండ మాడ్చే మధ్యాహ్నం ఖాళీ ఉందంటారు. ఉచితంగా ఆడుకునే మైదానం ప్రతి కాలనీకీ ఉండి తీరాలి. అద్దె కట్టి ఆడేచోట గంట పూర్తికాగానే తరువాతి జట్టు వచ్చి నిలబడుతుంది, ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకునే సమయం దొరకదు. మా స్నేహాలు చాలావరకు ఆ కూర్చున్న సమయంలోనే కుదిరాయి.

మీరు బూట్లూ జెర్సీలూ కొనడానికి తొందరపడవద్దు. ఆఫీసు అయ్యాక మీ ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఎవరు ఆడుతున్నారో వెతకండి, ఒకరు తక్కువైన జట్టును చూసుకుని అడగండి. మొదట్లో మిమ్మల్ని ఎవరూ పేరు పెట్టి పిలవకపోవచ్చు. ఒక నెల ఆడాక ఏదో ఒక రోజు మానండి. మర్నాడు ఎందుకు రాలేదని ఒక్కరూ అడగకపోతే మరో జట్టు వెతుక్కోండి.