ఏరియా వేరు, జోన్ వేరు

బ్రాడీపేట,
గుంటూరు.

బాబూ,

నీ కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు మూడో పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగాక మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. ఆ విసుగు ఎందుకొచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్వడిగిన మిగతా సంగతులన్నీ ఇందులో వస్తాయని మాత్రం అనుకోకు.

నీ కథలో కుర్రాడు విజయవాడలో మెడికల్ రెప్. అతని పై ఆఫీసరు మొదటి పేజీలో ఏరియా మేనేజరు, రెండో పేజీలో రీజినల్ మేనేజరు. సూర్యారావుపేటలో డాక్టరుగారి గది బయట ఆ కుర్రాణ్ణి నిలబెట్టి తిట్టేటప్పటికి జోనల్ మేనేజరు అయ్యాడు. ముగ్గురున్నారనుకున్నాను. చివరికి చూస్తే ఉన్నది ఒకడే. ఒకే మాట మాటిమాటికీ వస్తే చదివేవాళ్ళకి బోరు కొడుతుందని మార్చి మార్చి వాడానని కింద రాశావు. ఈ సలహా నీకెవరిచ్చారో గాని, ముందు దాన్ని మర్చిపో.

మందుల కంపెనీల్లో ఒక రెప్ తిరిగే మేరని టెరిటరీ అంటారు. అలాంటివి కొన్ని కలిస్తే ఏరియా, కొన్ని ఏరియాలు కలిస్తే రీజియన్, ఆ పైన జోన్. కంపెనీని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ అవుతాయి, కానీ ఒక కంపెనీలో పనిచేసేవాళ్ళకి ఏది దేనికి పైనో నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఏరియా మేనేజరు రెప్‌తో పాటు బండెక్కి తిరుగుతాడు, పక్కన కూర్చుని టిఫిన్ తింటాడు, వాళ్ళింట్లో సంగతులు కూడా తెలిసి ఉంటాయి. జోనల్ మేనేజరు ఎప్పుడో హోటల్లో మీటింగు పెట్టినప్పుడు కనిపిస్తాడు. మరి పేషెంట్ల మధ్య నిలబెట్టి తిట్టింది ఎవరు? రోజూ కలిసి తిరిగేవాడు నలుగురిలో తిడితే అదొక రకం బాధ. ముక్కూ మొహం తెలియని పెద్దవాడొచ్చి తిడితే ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న టెన్షన్. నీ కుర్రాడికి వీటిలో ఏది కలిగిందో నువ్వే తేల్చుకోలేదు. అందుకే అక్కడ వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాసినా నాకేమీ అనిపించలేదు.

చివర్లో ఆ మేనేజరు 'నీ ఏరియా మార్చేశాం' అంటాడు. ఏం మార్చినట్టు? పటమట తీసి భవానీపురం ఇచ్చారా? విజయవాడ నుంచి ఒంగోలు వేశారా? రాష్ట్రమే దాటించారా? మొదటిదైతే వాడు మర్నాడు మామూలుగానే బండి తీస్తాడు. రెండోదైతే ఇల్లు మారాలి. నీ కథకి ముగింపంతా ఆ ఒక్క మాటలో ఉంది, ఆ మాటని నువ్వు ముందు పేజీల్లోనే అరగదీసేశావు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. మాట తిరిగి రాకూడదన్న పిచ్చి మన పత్రికల్లో ఎప్పటినుంచో ఉంది. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికలో ఒక సబ్ ఎడిటరు ఉండేవారు. నేను 'బ్రాడీపేట నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు' అని రాస్తే 'నగరంలోని ఒక ప్రాంతం' అని దిద్ది అచ్చేశారు. శంకర్ విలాస్ సెంటర్ని 'ప్రధాన కూడలి' చేశారు. వెళ్ళి అడిగితే, 'రాష్ట్రమంతా చదువుతారమ్మా, మీ వీధులు ఎవరిక్కావాలి?' అన్నారు. ఆ కథలో పెళ్ళిచూపులకి బయల్దేరినవాళ్ళు బ్రాడీపేట నాలుగో లైనుకి రాబోయి అరండల్‌పేట నాలుగో లైనుకి పోతారు. రెండు పేటల్లోనూ లైన్లకీ అడ్డరోడ్లకీ అంకెలే కదా, కథంతా ఆ తికమక మీదే నడుస్తుంది. అచ్చులో మాత్రం వాళ్ళు ఒక ప్రాంతానికి రాబోయి మరో ప్రాంతానికి వెళ్ళారు! తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

అప్పటినుంచీ 'ప్రాంతం' అన్న మాట ఎక్కడ కనిపించినా నాకు అనుమానమే. ఏరియా అన్నా ప్రాంతమే, రీజియన్ అన్నా ప్రాంతమే, జోన్ అన్నా ప్రాంతమే. పేపర్లో ముంపు ప్రాంతం, మెట్ట ప్రాంతం, నిషేధిత ప్రాంతం పక్కపక్కనే ఉంటాయి. మొదటిదాని అంచు నీళ్ళు గీస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ అంచు గంటగంటకీ జరిగింది. రెండోదాన్ని నేల ఎత్తూ, కాలువ నీరు ఎక్కకపోవడమూ నిర్ణయిస్తాయి. మూడోదాన్ని ఎవరో ఒక ఆఫీసరు సంతకం పెట్టి నిర్ణయిస్తాడు, ఇంకో సంతకంతో ఎత్తేస్తాడు. ఈ మూడింటికీ ఒకే మాట చాలంటే నేనొప్పుకోను. గీత ఎవరు గీశారు, దాటినవాడికి ఏం మారుతుంది, ఈ రెండూ తెలియకుండా అలాంటి మాట ఒక్కటి కూడా కాగితం మీద పెట్టకు.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పగలు సార్టింగు, రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లో పీట మీద కథలు. కాగితాలు కొనడానికి చెయ్యాడక, పనికిరాని ఫారాల వెనక తెల్లగా ఉన్న వైపు రాసుకునేదాన్ని. మాకు సర్కిల్ అంటే రాష్ట్రమంతా. సర్కిల్లో రీజియన్లు, రీజియన్లో డివిజన్లు. పోలీసు శాఖలో సర్కిల్ అంటే ఒక సీఐ కింద ఉండే కొన్ని స్టేషన్లు. విజయవాడలో ఆటో ఎక్కి సర్కిల్ అంటే నేరుగా బెంజ్ సర్కిల్లో దింపుతాడు. డివిజనూ అంతే. రైల్వేవాళ్ళ విజయవాడ డివిజన్ జిల్లాలకి జిల్లాలే దాటిపోతుంది. ఆర్డీవోగారి డివిజన్ జిల్లాలో ఒక ముక్క. విజయవాడ కార్పొరేషన్లో ఉన్న 64 డివిజన్లలో ఒక్కొక్కటి ఒక కార్పొరేటరు చుట్టి రాగలిగినంత. కాబట్టి మాట ఒక్కటి తెలిస్తే సరిపోదు, అది ఏ ఆఫీసు మాటో కూడా తెలియాలి.

పని నేర్పిన పెద్దాయన మాకు ఒకటే చెప్పేవారు: 'అడ్రసు చదువుతూ కూర్చోకమ్మా, ఏ సంచిలో పడాలో అది చూడు.' పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అందులో మొదటి అంకె జోన్, మనది 5. మొదటి మూడూ కలిస్తే సార్టింగ్ జిల్లా. విజయవాడ 520, గుంటూరు 522. ఆ జిల్లాకీ కలెక్టరుగారి జిల్లాకీ సంబంధం లేదు, అది ఉత్తరం సంచిలో పడటం కోసం గీసిన గీత.

జోన్ అన్న మాట మీద నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే అది మనుషుల్ని విడదీయడం కళ్ళారా చూశాను. ఎవరు ఎక్కడ లోకలో తేల్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాలకి కృష్ణా జిల్లా రెండో జోన్లో ఉండేది, గుంటూరు మూడో జోన్లో. కాలేజీ సీట్ల దగ్గరకొస్తే రెండు జిల్లాలూ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియానే. అంటే ప్రకాశం బ్యారేజీ దాటితే ఏరియా మారేది కాదు, జోన్ మారిపోయేది. నాకు తెలిసిన ఒక అమ్మాయిది తాడేపల్లి. స్కూలు చదువంతా కృష్ణ అవతల బెజవాడలో. ఎక్కడ చదివితే అక్కడే లోకల్ కాబట్టి, తల్లీ తండ్రీ ఉన్న గుంటూరు జిల్లాలో ఉద్యోగాలకి ఆ పిల్ల నాన్ లోకల్ అయింది. స్టడీ సర్టిఫికెట్లు మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని మా వరండాలో కూర్చుని, 'మా ఇంటికి నేను నాన్ లోకల్ ఏంటి పిన్నీ?' అంది. అక్కడ జోన్ అనాల్సిన చోట ఏరియా అని రాసి చూడు, ఆ పిల్ల ఏడుపుకి కారణమే ఉండదు.

కరోనా వచ్చిన 2020లో కృష్ణా, గుంటూరు రెండూ రెడ్ జోన్ జిల్లాలే. కానీ జనం జోన్ అంటే ఏమిటో చూసింది వీధి చివర. సరుగుడు కర్రలు అడ్డంగా కట్టేవాళ్ళు. పాలవాడు కర్రకి ఇవతలే ఆగి ప్యాకెట్లు నేల మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. అవతలి ఇంటావిడ అప్పుడొచ్చి తీసుకునేది. నిన్నటిదాకా కర్రకి ఇవతలి ఇళ్ళూ అవతలి ఇళ్ళూ 'మా ఏరియా'యే.

రీజియన్ అలాంటిది కాదు. పల్నాడు అన్న పేరు వందల ఏళ్ళుగా ఉంది. జనం నోట అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసినట్టు ఉండేది కాదు. నాపరాళ్ళు, మిరప చేలు, మాటతీరు మారుతూ వస్తే పల్నాడులోకి వచ్చామని మనకే తెలిసేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా అది జిల్లా అయింది, అప్పుడు దానికి జిల్లా సరిహద్దు వచ్చింది. నీ రెండో కథ 2010లో జరుగుతుందన్నావు, అందులో 'పల్నాడు జిల్లా' అని ఉంది. కొట్టేయి. తాతగారి చిన్నతనం గురించి రాసిన చోట మండలాఫీసు కూడా కొట్టేయి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలూ, వాటిలో ఫిర్కాలూ.

కథలో ఇన్ని ఇంగ్లిషు మాటలు ఉండొచ్చా అని అడిగావు. నిక్షేపంగా ఉండొచ్చు. లాడ్జి సెంటర్ని కూడలి అనేవాడు గుంటూరులో నాకింతవరకు తగల్లేదు. ఈ మధ్య కొందరు ఊరి పేరే లేకుండా కథ రాసి అది ఎక్కడైనా జరగొచ్చని గొప్పగా చెప్పుకుంటున్నారు. వాళ్ళని చూసి సూర్యారావుపేటని తీసేయకు.

అసలు నీ మెడికల్ రెప్ కథని నేను రెండోసారి తీయడానికి కారణం ఆ కుర్రాడి అమ్మ. కంపెనీవాళ్ళు హెచ్‌క్యూ (రెప్ ఉండే ఊరు), ఎక్స్ స్టేషన్ (వెళ్ళి ఆ రోజే తిరిగొచ్చే ఊరు), ఔట్ స్టేషన్ (రాత్రి అక్కడే ఉండాల్సిన ఊరు) అని మూడు రకాలుగా లెక్కగట్టి మూడు రకాల డీఏ, అంటే రోజు భత్యం, ఇస్తారు. ఆవిడకి అవేవీ తెలియవు. క్యారేజీ మూత బిగిస్తూ 'రాత్రికి ఇంటికొస్తావా?' అని ఒక్కటే అడుగుతుంది. ఎక్స్ స్టేషన్ అయితే వస్తాడు, ఔట్ స్టేషన్ అయితే రాడు. కంపెనీ గీసిన గీతని ఆవిడ సరిగ్గా పట్టుకుంది. చాలా బాగుంది, అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు.

పుస్తకం వేయడం గురించీ, ఆ పోటీ గురించీ ఇప్పుడు మాట్లాడను. ముందు ఆ మేనేజరు ఏ మేనేజరో తేల్చు. ఏరియా మేనేజరైతే మొదటి పేజీలోనే కుర్రాడి బండి వెనక కూర్చోబెట్టు, ఇద్దరూ కలిసి నూజివీడు వెళ్ళి రానీ. 'నీ ఏరియా మార్చేశాం' అన్న చోట టెరిటరీ అని రాసి, ఏ ఊరు వేశారో ఊరి పేరు పెట్టు. తిరగరాసి పోస్టులోనే పంపించు, స్క్రీను మీద నా కళ్ళు నిలవడం లేదు. కవరు మీద లైను అంకె, అడ్డరోడ్డు అంకె రెండూ రాయి, పేట పేరు వదలకు.

ఆశీస్సులతో,
పిన్ని