ఏం చదువుతున్నావని అడిగితే

చి. అమ్మలుకి ఆశీస్సులు.

కొలంబస్‌లో మనవాళ్ల విందులకి వెళ్తే ఇళ్ల ధరలూ గ్రీన్‌కార్డులూ తప్ప వేరే మాట లేదనీ, ఆఫీసులో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే నోరు పెగలదనీ రాశావు. చూడ్డానికి రెండూ ఒకటే బెరుకు. మందు మాత్రం వేరు వేరు.

ముందు ఆఫీసు సంగతి. అక్కడివాళ్ల ప్రశ్న పరీక్షేం కాదు, "బాగున్నావా" కన్నా ఒక మెట్టు పైన, అంతే. దానికి "తెలుగు పుస్తకంలెండి, మీకు తెలీదు" అంటే మాట అక్కడే తెగిపోతుంది. రచయిత ఎవరు, ఏ కాలం, ఏ ఉద్యమం అని ఎత్తుకుంటే పారిపోతారు. ఎవరి కథ, వాళ్లకొచ్చిన చిక్కేమిటి, ఈ రెండూ చాలు. "పొలం అమ్ముదామని ఊరొచ్చిన కొడుకు, సంతకం పెట్టనంటున్న తల్లి" అని ఆపెయ్యి. ఆసక్తి ఉంటే వాళ్లే "ఇంతకీ పెట్టిందా?" అంటారు. లేకపోతే "మీరేం చదువుతున్నారు" అని నువ్వే అడుగు. ఈ రెండు వాక్యాలూ పుస్తకం చదివేటప్పుడే ఇంగ్లీషులో అనుకుని ఉంచుకో. వియ్యపురాలు, ఆడపడుచు, మడి లాంటి మాటలొచ్చినప్పుడు సగంలో తడబడి మొత్తం కథే వదిలేస్తాం. "కూతురి అత్తగారు" అని ముందే సిద్ధం చేసుకుంటే ఆ గండం గడుస్తుంది.

లైబ్రరీలో పుస్తక చర్చకి వెళ్దామా అని కూడా అడిగావు. వెళ్లు. అక్కడ మనలా నలుగురూ ఒకేసారి మాట్లాడరు. అలాగని అందరూ ముగించేదాకా మర్యాదగా కాచుకుంటే నీ వంతు రాదు, ఎందుకంటే ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఒక్క క్షణమే ఉంటుంది. అందుకని ఎవరో అప్పుడే అన్నదాన్ని పట్టుకుని "మీరన్న ఆ పెళ్లి సన్నివేశంలో" అంటూ మొదలుపెట్టు. మూడు పేజీల్లో చీటీలు పెట్టుకెళ్లు, వాటిలో ఒకటి వాడినా చాలు. పుస్తకం నచ్చలేదని నిర్భయంగా చెప్పొచ్చు, కానీ ఏ పేజీ దగ్గర విసుగొచ్చిందో చెప్పాలి. ఉత్తినే "బోరు" అంటే అవతల నచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

తెలుగు పుస్తకాలు దొరకవన్నావు. ఇక్కడ మాత్రం నిన్ను కోప్పడాలి. వరల్డ్‌క్యాట్ అనే గ్రంథాలయాల ఉమ్మడి జాబితా నడిపే ఓసీఎల్‌సీ సంస్థ మీ ఒహాయోలోనే, మీ పక్కనున్న డబ్లిన్‌లోనే ఉంది! నీకు దొరకనిది పుస్తకం కాదు, పేరు కొట్టే పద్ధతి. ఆ జాబితాలో మన పేర్లని ఇంగ్లీషు లిపిలో రాసే తీరు వేరు. "చ"కి సీ ఒక్కటే, సీహెచ్ అంటే "ఛ". దీర్ఘానికి అక్షరాన్ని రెట్టించరు, దాని పైన గీత పెడతారు. గీత లేకుండా కొట్టినా ఫరవాలేదు. "చరిత్ర"ని సీహెచ్‌తో వెతికితే ఏదీ లేదన్నట్టే కనిపిస్తుంది. రచయిత పేరైతే ఒకసారి ఇంటిపేరుతోనూ, ఒకసారి అసలు పేరుతోనూ చూడు. షికాగో, విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాలు బాగానే ఉన్నాయి. జాబితాలో ఓసీఎల్‌సీ నంబరు రాసుకుని, మీ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ కింద, అంటే వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పించమని అడుగు. కొన్ని వారాలు పట్టొచ్చు, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి కాకుండా రెండు మూడు కలిపి అడుగు. ఇండియా నుంచి తెచ్చుకుంటే రెండొందల పేజీల పుస్తకం పావుకిలో పైమాటే. ఇరవై పుస్తకాలంటే అయిదారు కిలోలు, ఆవకాయ జాడీలతో పోటీ.

ఇక విందులు. అక్కడ నీ ఇబ్బందికి సగం కారణం నీ అభిరుచి మీద నీకున్న గర్వం. ఏమీ అనుకోకు. ఎవరో సీరియల్ నవలల గురించి ఆశగా ఎత్తగానే నీ మొహంలో మార్పు వాళ్లకి కనబడుతుంది, మళ్లీ పుస్తకం ఊసెత్తరు. ఒక ప్రశ్న చెప్తాను: "చిన్నప్పుడు మీ ఇంటికి ఏ వారపత్రిక వచ్చేది? ముందు ఎవరు చదివేవాళ్లు?" నలభై దాటినవాళ్లలో దీనికి జవాబు లేనివాళ్లు అరుదు. ఇంటి లోను గురించి మాట్లాడే పెద్దమనిషి కూడా అట్ట చించేసిన చెల్లెలి సంగతి చెప్తాడు. అప్పుడు వాళ్లు చెప్పింది విను. నీకు నచ్చిన రచయితల జాబితా ఆ రాత్రికి బయటికి తియ్యకు.

ఇలా ఇద్దరు ముగ్గురు తగిలాక నెలకోసారి కథ చదువుకోండి. మొదటే నవల పెట్టొద్దు. ఎవరూ పూర్తి చెయ్యరు, చెయ్యలేదన్న సిగ్గుతో రావడం మానేస్తారు. పది పేజీల కథ తీసుకుని అక్కడే పైకి చదవండి, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. పైకి చదవమనడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ పెరిగిన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, లిపి రాదు. రెండేసి పేజీలకి చదివే మనిషిని మార్చండి. మొత్తం గంటంబావు దాటనివ్వొద్దు. లైబ్రరీ బ్రాంచిలో మీటింగు గది ఉచితంగా అడగొచ్చు. ఇంట్లోనైతే ఆతిథ్యమే పని అయిపోయి, ఇంటావిడ కథ సగం వంటింట్లోంచే వింటుంది. పకోడీలు చదవడం అయ్యాకే. నూనె చేతులతో లైబ్రరీ పుస్తకం ముట్టుకున్నారంటే దాని వెల నువ్వే కట్టాలి.

ఉపన్యాసం ఇచ్చే ఒక పెద్దాయన ఎటూ వస్తాడు. ఆయనకి మొదటి రెండు పేజీలు చదివే పని అప్పగించు. గొంతు వాడుకున్న తృప్తి ఉంటుంది, తర్వాత కాస్త తగ్గుతాడు.

మొదటి కథ ఏదనుకున్నావో రాయి. నిడివి చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ