మత్తుపదార్థాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏది?

గంజాయా, మాత్రలా, ఇంజెక్షన్లా అని అడిగారు. నన్నడిగితే మందు. వైన్ షాపులో దొరికే మందే. మిగతావి మంచివని కాదు, గంజాయితో మతి చెడిన కుర్రాళ్లని మా వీధిలోనే చూశాను. కానీ ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మందు ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఎంతమందికి తెలుసు?

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. పదిహేనేళ్లు రోజూ తాగాడు. చివర్లో పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ చేతుల వణుకు ఆగేది కాదు. ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

మొదటి రోజు చెమటలు, వణుకు. చన్నీళ్ల స్నానం పడలేదనుకున్నాం. రెండో రాత్రి నిద్ర లేదు. మూడో రాత్రి రెండింటికి పిన్ని ఫోన్ చేసింది. వెళ్లేసరికి బాబాయి చాప మీద కూర్చుని గాల్లో బోల్టులు బిగిస్తున్నాడు. "ఒరేయ్, పదమూడో నంబరు స్పానర్ ఇటివ్వరా, తెల్లారేసరికి బండి వెళ్లిపోవాలి" అంటున్నాడు. మధ్యలో ఒంటిమీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. స్వామి పూనాడంటూ పక్కింటివాళ్లు హారతి పళ్లెం తెచ్చారు. అరగంట నేనూ అలాగే చూస్తూ నిలబడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

చివరికి ఆసుపత్రికి బయల్దేరాం. ఆటో బెంజ్ సర్కిల్ దాటుతుండగా బాబాయికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ మొదట అడిగింది, "తాగుడు అలవాటుందా? ఎప్పుడు ఆపాడు?" అని. పిన్ని తల దించుకుని "లేదండీ, మాలలో ఉన్నారు" అంది. మాలలో ఉన్న భర్తని తాగుబోతని పదిమంది ముందు ఆవిడ ఎలా చెబుతుంది? నేను చెప్పాను. వెంటనే వైద్యం మారిపోయింది. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్, తర్వాతే సెలైన్లో గ్లూకోజ్, మెదడు శాంతించడానికి మందులు.

డాక్టర్ గారు తర్వాత వివరించారు. తాగుడు మెదడుకి బ్రేకులాంటిదట. రోజూ బ్రేకు పడుతుంటే మెదడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. ఆపిన రెండు మూడు రోజులకే ఎక్కువ ముప్పు. నాలుగో రోజుకి గానీ బాబాయి మమ్మల్ని గుర్తుపట్టలేదు.

ఇంకో మాట. "తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు" అని పొడులు అమ్ముతుంటారు కదా, వాటిని నమ్మకండి. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, కానీ దాన్ని డాక్టర్లే ఇస్తారు, అదీ తాగేవాడికి చెప్పి, ఒప్పించి. అది కడుపులో ఉండగా తెలియక తాగితే బీపీ పడిపోయి మనిషి కూలిపోతాడు. ఆడవాళ్ల కన్నీళ్ల మీద ఇంత వ్యాపారం జరుగుతుంటే అడిగేవాడు లేడు.

బాబాయి మరుసటి ఏడాది మళ్లీ మాల వేసుకున్నాడు. ఈసారి రెండు నెలల ముందే డీ-అడిక్షన్ వార్డులో చేరి, అక్కడ మందు మానిపించుకున్నాకే వేసుకున్నాడు.

మీ ఇంట్లోనూ ఎవరైనా అలా రోజూ తాగేవాళ్లుంటే, మానమని ఒట్టు వేయించుకోకండి. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. ఎంత తాగుతారని అడిగితే దాచకండి.