మహిళల హ్యాండ్‌బాల్‌లో ఫ్రెండ్లీ టోర్నీలకు పెద్ద జట్లు ఎందుకు వస్తాయి?

అసలు పోటీకి ముందు కలిసి ఆడే అవకాశం వాళ్లకు దొరికేది అక్కడే. మహిళల యూరోపియన్ చాంపియన్‌షిప్ సరి సంవత్సరాల్లో, ప్రపంచ చాంపియన్‌షిప్ బేసి సంవత్సరాల్లో, ఏడాది చివర జరుగుతాయి. అప్పటిదాకా ఆటగాళ్లంతా వేర్వేరు క్లబ్బుల్లో ఉంటారు. నార్వేలో 2001లో మొదలైన మోబెల్‌రింగెన్ కప్ ఇలాంటి టోర్నీగానే ఉండేది.

ఓడినా చాంపియన్‌షిప్‌లో చోటు పోదు కాబట్టి కోచ్‌లు ధైర్యంగా ప్రయోగాలు చేస్తారు. ఉదాహరణకు దాడిలో గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి, కోర్టులో ఉన్న మిగతా ఆరుగురికి తోడుగా ఏడో ఆటగత్తెను దింపడం. బంతి చేజారిందా, ప్రత్యర్థి సగం కోర్టు అవతలి నుంచే ఖాళీ గోల్‌లోకి విసిరేస్తుంది. గోల్‌కీపర్ బెంచి నుంచి పరుగెత్తుకొచ్చేలోపే స్కోరు మారిపోతుంది. ఈ సమన్వయం మామూలు ప్రాక్టీసులో కుదిరేది కాదు, బలమైన ప్రత్యర్థి ఎదురుగా ఉండాల్సిందే. అందుకే నేను ఇక్కడ ఫలితం కన్నా మార్పులనే గమనిస్తాను.